ఎనిమిది బుద్ధుల లోతు

పొదిలి దాటాక బోరుబండి వేడెక్కింది.
రేడియేటర్లో నీళ్ళు పోస్తూ యల్లమంద
అదుగో అని గడ్డంతో చూపించాడు.
కాకులబోడు పక్కన, రెండుగంటల ఎండలో,
కొండలోంచి సగం బయటికొచ్చి
కూర్చుండిపోయిన మనిషి.

ఇంజను చల్లారాలంటే అరగంట.
కంపచెట్ల కింద బండి ఆపి నడిచాం,
నేనూ, యల్లమందా,
తెలుగులో తిట్లు మాత్రమే వచ్చిన సేలం పచ్చముత్తూ.

నిన్న రాత్రంతా చినబ్రహ్మయ్య చేలో రాయిని తొలిచాం.
రెండువందల దగ్గర తెల్లపొడి
మూడువందల దగ్గర నల్లపొడి
నాలుగువందల ఎనభై దగ్గర కాస్త చెమ్మ తగిలితే
ఆయన భార్య పసుపు కుంకుమ పళ్ళెం తెచ్చి
పట్టుకుని నిలబడింది.
తర్వాత మళ్ళీ పొడే.
ఇంకో రాడ్డు దించండన్నాడు, దించాం.
ఇంకొకటి అన్నాడు.
ఐదువందల ఎనభై దగ్గర ఆయన అనలేదు,
మేమూ అడగలేదు.
తగ్గిన డబ్బుకి గేదెను చూపించాడు.
వద్దనేంత మంచివాణ్ణి కాను,
వారం గడువిచ్చి వచ్చాను.

బుద్ధుడి పక్కన రాతి మీద
సున్నంతో రాసి ఉంది: డెబ్బైరెండు అడుగులు.
యల్లమందకి లెక్క తొందరగా తెగుతుంది.
"అన్నా, నిన్నటి గుంతలో
ఈయన్ని ఒకరిమీద ఒకర్ని దించితే
ఎనిమిదిమంది పడతారు,
ఇంకా నాలుగడుగులు మిగుల్తది."
వాడు నవ్వాడు.
నేను నవ్వబోయి
ఆ నాలుగడుగుల్లో పడ్డాను.

మడిచిన కాళ్ళ దగ్గర రాయి ఇంకా రాయే.
అక్కడ మేకల్ని తోలుకొచ్చిన ముసలామె,
పేరమ్మ అట,
నడుం దగ్గర సగానికి విరిగి
నేలతో మాట్లాడుతున్నట్టు నిలబడింది.

కళ్ళు మూసుకుని ఎంత శాంతంగా ఉన్నాడో, అన్నాను.
"మూసుకోలా అబ్బయా.
తెరిచేలోపల పైకం అయిపోయింది,
చెక్కేవాళ్ళు ఎల్లిపోయారు."
ఎవరు పెట్టించారు?
"ఒంగోలు రాళ్ళ షావుకారు. కొడుక్కి బాగైతే అని మొక్కుకున్నాడంట."
బాగయిందా?
ఆమె "హేయ్" అంటూ
కొమ్ము విరిగిన మేకని అదిలించింది.

అలవాటు పోదు కదా,
కొండకి చెవి ఆనించాను.
లోపల ఊట ఉంటే సన్నగా చెప్తుందని
మా మేస్త్రి అనేవాడు.
చెవి కాలింది.

యల్లమంద పైకెక్కి, ఒళ్ళో తెరిచిన అరచేతిలోకి తొంగిచూశాడు.
నీళ్ళున్నయ్యా, అని అరిచాను.
మరక ఉంది, అన్నాడు.
"వాన పడితే నాలుగు దినాలుంటయ్.
పిల్లమేకలు ఎక్కి తాగుతయ్,"
అంది పేరమ్మ నేలకేసి.

ఆమె మెడ పైకి లేవదు.
ఈ చుట్టుపక్కల బోరునీళ్ళు తాగిన మెడ.
ఆ నీళ్ళు పైకి తెచ్చినవాళ్ళలో
మేమూ ఉండొచ్చు.
ఆయన మొగం చూసి పదేళ్ళయిందంది.
మోకాళ్ళవరకే ఎరుకంది.
కాసేపాగి అడిగింది:
"ఎడంచెవిలో కాకిగూడుండేది. ఉందా?"

తల ఎత్తి చాలాసేపు వెతికాను.
ఇంత జాగ్రత్తగా
ఏ దేవుణ్ణీ చూడలేదు.
ఉంది, అన్నాను.
ఉంది. పుల్లలు కొత్తగా ఉన్నాయి.

ఆమె ముందు గొంతుక్కూర్చున్నాం
క్యానులో నీళ్ళు వంచి ఇవ్వడానికి.
అప్పుడు కనిపించాయేమో మా ముఖాలు,
నిన్నటి రాతిపొడి
కనురెప్పల దాకా పట్టేసి.
తాగడం ఆపి, పక్కకి వాలి
ఒక్కొక్కర్నే చూసి నవ్వింది:
"మిమ్మల్నెవురు చెక్కారయ్యా?"

బండి దగ్గరికొచ్చేసరికి ఫోను.
దొనకొండ పక్కన ఎవరి చేలోనో
అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడిందంట,
పొద్దున్నే రమ్మంటున్నారు.
వస్తామన్నాను.

పచ్చముత్తు ముఖం కడుక్కోబోయి
మగ్గులో నీళ్ళు
మళ్ళీ క్యానులో వంచేశాడు.